ఆపరేషన్ అయ్యి సిక్ లీవ్‌లో ఉన్నా, ఇప్పుడే రిజైన్ చేస్తే ఏమన్నా ఇబ్బందా?

బి షిఫ్ట్ బాలానగర్:
అందరికీ నమస్తే. జడ్చర్ల దగ్గర ఒక ఫార్మా కంపెనీలో ప్రొడక్షన్‌లో చేస్తున్నా, గ్రాన్యులేషన్ సెక్షన్. మార్చి చివర్లో హైదరాబాద్‌లో హెర్నియా ఆపరేషన్ అయింది, ల్యాప్రోస్కోపీతో చేసి మెష్ వేశారు. ఆరు వారాలు బరువు ఎత్తొద్దని డాక్టర్ రాసిచ్చారు. కంపెనీ లీవ్ అప్రూవ్ చేసింది, మెయిల్ కూడా ఉంది. ఇక్కడిదాకా ఏ గొడవా లేదు.

సంగతి ఏందంటే ఆపరేషన్‌కు ముందే చౌటుప్పల్ వైపు ఇంకో కంపెనీలో ఇంటర్వ్యూ ఇచ్చిన, ఇప్పుడు ఆఫర్ వచ్చింది. డాక్యుమెంటేషన్ పని, కూర్చుని చేసేది, జీతం నెలకు 8,000 ఎక్కువ. డ్రమ్ములు ఎత్తే పనికి మళ్లీ పోవాలని నాకైతే లేదు, ఇంట్లో వాళ్లు కూడా వద్దంటున్నారు. ఇక్కడ నోటీసు 60 రోజులు. ఏప్రిల్ 6 సోమవారం రిజైన్ మెయిల్ పెట్టేద్దామనుకుంటున్నా. కానీ లీవ్‌లో ఉండి రిజైన్ చేస్తే లీవ్ జీతం ఆపేస్తారని, అబ్‌స్కాండింగ్ అని రాస్తారని ఫ్రెండ్స్ టెన్షన్ పెడుతున్నారు. హాస్పిటల్ బిల్లు చాలావరకు కంపెనీ ఇన్సూరెన్స్‌లో క్యాష్‌లెస్ అయింది కానీ స్కానింగ్, మందుల బిల్లులు ఇంకా క్లెయిమ్ పెట్టలేదు. వాటికి ఏమన్నా అవుతుందా? మా షిఫ్ట్ ఇన్‌చార్జ్ రోజు విడిచి రోజు ఫోన్ చేసి ఎప్పుడొస్తున్నవ్ అని అడుగుతున్నాడు, ఆయనకు ఏం చెప్పాలో కూడా తెలుస్తలేదు. తెలిసినవాళ్లు చెప్పండి.

కొత్తూరు హెచ్‌ఆర్:
హెచ్‌ఆర్‌లో ఉన్నదాన్నే కాబట్టి సూటిగా చెప్తా. సిక్ లీవ్‌లో ఉన్నవాళ్లు రిజైన్ చేయకూడదని చట్టంలో ఎక్కడా లేదు. అబ్‌స్కాండింగ్ అంటే చెప్పకుండా మాయమైనోడు. మీ దగ్గర లీవ్ అప్రూవల్ మెయిల్ ఉంది, డాక్టర్ సర్టిఫికెట్ ఉంది, కాబట్టి ఆ మాట మీకు అంటదు. అప్రూవ్ చేసిన లీవ్‌కు జీతం ఆపే హక్కు కూడా వాళ్లకు లేదు. బలవంతంగా పని చేయించుకోవడం కూడా ఎవరి వల్లా కాదు, మహా అయితే నోటీసు తక్కువైన రోజులకు డబ్బు కట్టమంటారు.

అసలు చూసుకోవాల్సింది ఇంకోటి. ఇప్పటి కంపెనీ చేరేటప్పుడు ఇచ్చిన ఆఫర్ లెటర్ తీసి నోటీసు గురించి రాసిన పేరా చదవండి. నోటీసు టైంలో లీవ్ పెడితే అన్ని రోజులు నోటీసు ముందుకు జరుగుతుందని చాలా కంపెనీలు రాసుకుంటాయి. అట్లా ఉంటే మీ నోటీసు మీరు తిరిగి డ్యూటీలో చేరాకే మొదలవుతుందని వాదిస్తారు. లేకపోతే లీవ్ రోజులు కూడా నోటీసులోకే వస్తాయి.

ఇక ఇన్సూరెన్స్. కంపెనీ ఉద్యోగులందరికీ కలిపి తీసుకునే గ్రూప్ పాలసీలో మీ పేరు లాస్ట్ వర్కింగ్ డే వరకే ఉంటుంది, ఆ తర్వాత తీసేస్తారు. డిశ్చార్జ్ తర్వాత అయ్యే మందులు, చెకప్‌ల ఖర్చు మామూలుగా 60 రోజుల వరకు ఇస్తారు కానీ మీరు పాలసీలో లేకపోతే దాని మీద పేచీ వస్తది. కాబట్టి రిజైన్ మెయిల్ ఆలోచన పక్కన పెట్టి ముందు ఆ బిల్లులు క్లెయిమ్ పెట్టండి. మీ పాలసీలో అమ్మానాన్నలు ఉంటే వాళ్ల కవర్ కూడా అదే రోజు పోతది, ఈ సంగతి మా దగ్గర రిజైన్ చేసేవాళ్లలో ఎక్కువమందికి తట్టదు.

మెట్టుగడ్డ మల్లేష్:
ఇంత ఆలోచన ఎందుకు భాయ్, ఇన్‌చార్జ్‌కు ఫోన్‌ల చెప్పెయ్. మనిషి మంచోడైతే వాడే హెచ్‌ఆర్‌తో మాట్లాడి నెలకే వదిలిపిస్తడు. మెయిల్ మెయిల్ అని కూర్చుంటే మొహం మాడ్చుకుంటరు.

మిర్యాలగూడ లెక్కలు:
మల్లేష్ గారూ, ఫోన్‌లో మాత్రం చెప్పొద్దు, అది వేరే సంగతి, తర్వాత వస్తా. తమ్మీ, నువ్వు ఏ తేదీన చేరినవో అది చెప్పలేదు. ఐదేళ్లు నిండినయా?

బి షిఫ్ట్ బాలానగర్:
2021 జూన్ 14న చేరిన అన్నా. బేసిక్ 15,000, మొత్తం 29,000.

మిర్యాలగూడ లెక్కలు:
అనుకున్నా. ఇప్పుడు లెక్క చూడు. ఏప్రిల్ 6న రిజైన్ చేస్తే అరవయ్యో రోజు జూన్ 5. నీకు ఐదేళ్లు నిండేది జూన్ 13తో. ఐదేళ్లు చేసినోళ్లకు మానేసేటప్పుడు కంపెనీ ఇచ్చే గ్రాట్యుటీ డబ్బు వారం రోజుల తేడాతో మొత్తం పోతది. లెక్క ఎట్లంటే, ఆఖరి నెల వేతనాన్ని 26తో భాగించి, 15తో గుణించి, దాన్ని ఐదేళ్లతో గుణించాలి. నీ బేసిక్ 15,000 మీద 43,269 రూపాయలు వస్తది. ఆపరేషన్ అయి ఇంట్లో కూర్చున్నోడికి అది చిన్న డబ్బు కాదు.

నాలుగేళ్ల మీద 240 రోజులు నిండితే ఐదేళ్ల కింద లెక్కే అని మద్రాస్ హైకోర్టు తీర్పు ఒకటి ఉంది, కాదనను. కానీ ఆ కాగితం పట్టుకుని పోతే మన దగ్గరి కంపెనీ చెక్కు రాసిస్తదని అనుకోకు, లేబర్ ఆఫీసు చుట్టూ తిరగాల్సి వస్తది. దానికన్నా పది రోజులు ఆగడం నయం. ఏప్రిల్ 16న మెయిల్ పెడితే అరవయ్యో రోజు జూన్ 15, సోమవారం. అప్రూవ్ అయిన మెడికల్ లీవ్ సర్వీసులోకే వస్తది, అందులో తేడా రాదు.

ఫోన్‌లో ఎందుకు వద్దన్నానంటే, నోటి మాటగా చెప్తే ఏ తేదీ నుంచి నోటీసు మొదలైందో రుజువు ఉండదు, పైగా వాళ్లు తయారై కూర్చుంటరు. ఇన్‌చార్జ్ ఫోన్ చేస్తే డాక్టర్ చెప్పిన తేదీ చెప్పు, అంతకన్నా ఒక్క ముక్క ఎక్కువ మాట్లాడకు.

కొత్తూరు హెచ్‌ఆర్:
లెక్క బాగా పట్టుకున్నారు, నాకు ఆ అనుమానం రాలేదు. కానీ ఇందులో ఒక మెలిక ఉంది. రిజైన్ మెయిల్ అందాక కంపెనీ "నోటీసు అక్కర్లేదు, వెంటనే రిలీవ్ చేస్తున్నాం" అనొచ్చు. షిఫ్టులో ఉండి పని చేస్తున్నోడిని మామూలుగా అట్లా వదలరు, మనుషులు దొరకరు కాబట్టి. లీవ్‌లో ఉన్నోడైతే వేరు, పని ఎట్లాగూ జరుగుతలేదు, జీతం ఎందుకు దండగ అనుకుంటారు. అప్పుడు లాస్ట్ డే ఏప్రిల్‌లోనో మేలోనో పడిపోయి మీ ఐదేళ్లు నిండవు. ముందే వదిలేస్తే నోటీసు జీతం ఇవ్వాలా వద్దా అనేది కూడా ఆ ఆఫర్ లెటర్‌లోనే ఉంటుంది, చూసుకోండి.

అందుకే నన్ను అడిగితే లీవ్ పూర్తిగా వాడుకుని, ఫిట్‌నెస్ సర్టిఫికెట్‌తో మే రెండో వారంలో డ్యూటీకి పోయి, బరువులు లేని పని అడిగి, జూన్ 14 దాటాక రిజైన్ చేయడం అన్నిటికన్నా భద్రం. కొత్త కంపెనీ ఆగస్టు దాకా ఆగదంటారా, అప్పుడు 43,000 ఒకవైపు, నెలకు 8,000 ఎక్కువ జీతం ఇంకోవైపు పెట్టి మీరే చూసుకోవాలి. ఆరు నెలల్లో ఆ తేడా వచ్చేస్తుంది. గ్రాట్యుటీ కోసం మంచి ఉద్యోగం చెయ్యి జారనీయమని మాత్రం నేను చెప్పను.

పాలమూరు పద్మక్క:
తమ్ముడూ, అందరూ డబ్బు లెక్కలే చెప్తున్నరు, కొంచెం ఒంటి సంగతి కూడా చూడు. నాకు గర్భసంచి ఆపరేషన్ అయినప్పుడు నేను బట్టల షోరూంలో చేసేదాన్ని, జీతం 18,000, ఈఎస్ఐ (ప్రభుత్వ కార్మిక బీమా) ఉండె. ఈఎస్ఐ ఉన్నోళ్ల లెక్క వేరే, నీకు కాకపోయినా ఇది చదివే వేరేవాళ్లకు పనికొస్తదని రాస్తున్నా. జీతం 21,000 లోపు ఉంటేనే ఈఎస్ఐ. ఈఎస్ఐకి డబ్బు కట్టిన రోజులు సరిపోయినోళ్లకు సిక్‌నెస్ బెనిఫిట్ కింద రోజు వేతనంలో 70 శాతం ఇస్తరు, ఏడాదికి 91 రోజుల వరకు. నా జీతానికి రోజుకు 420 పడింది. ఆ డబ్బు కంపెనీ ఇయ్యదు, ఈఎస్ఐ వాళ్లే బ్యాంకులో వేస్తరు. ఆ బెనిఫిట్ తీసుకుంటున్న రోజుల్లో యజమాని మనల్ని తీసెయ్యడానికి లేదు. కానీ మనంతట మనమే రాజీనామా రాసిస్తే ఆ రక్షణ ఎవరికి కావాలె? మా ఓనరు "ఊకె రాసియ్యమ్మా, కోలుకున్నంక మళ్లీ తీసుకుంటం" అన్నడు. నేను రాసియ్యలేదు. నాతోపాటు చేసే ఇంకో అమ్మాయి కాన్పు టైంల రాసిచ్చింది, మళ్లీ పిలవలేదు. ఈ "ఊకె రాసియ్యి" అనేటోళ్లతోని జాగ్రత్త.

ఇంకోటి, కొత్త కంపెనీలో చేరేముందు మెడికల్ చేస్తరు కదా, ఫార్మాలో తప్పకుండ చేస్తరు. ఆపరేషన్ సంగతి దాయకు. కడుపు మీద గాట్లు ఎట్లాగూ కనపడ్తయి.

మెట్టుగడ్డ మల్లేష్:
నేను చెప్పింది వెనక్కి తీసుకుంటున్నా, మెయిలే పెట్టు భాయ్. కానీ ఒక్క డౌటు, మధ్యలో కొన్ని రోజులు ఏ ఇన్సూరెన్స్ లేకుంటే ఎట్ల? సొంతంగా పాలసీ తీసుకుంటే అయితదా?

మిర్యాలగూడ లెక్కలు:
తీసుకోవచ్చు కానీ సొంత పాలసీల్లో హెర్నియా, కంటిశుక్లం లాంటివాటికి ఎక్కువగా రెండేళ్లు వెయిటింగ్ ఉంటది. మళ్లీ హెర్నియా వచ్చిందంటే ఆ రెండేళ్లలో ఆ పాలసీ అక్కరకు రాదు. గ్రూప్ పాలసీ నుంచి అదే ఇన్సూరెన్స్ కంపెనీలో సొంత పాలసీకి మారే వీలు ఉంది, కానీ పేరు తీసెయ్యకముందే అడగాలి. రేషన్ కార్డు ఉంటే ఆరోగ్యశ్రీ ఎట్లాగూ ఉంది, 2023 డిసెంబర్ నుంచి 10 లక్షల వరకు చేశారు. కొత్త కంపెనీ గ్రూప్ పాలసీ పాత జబ్బులకు మొదటి రోజు నుంచే ఇస్తదా అని ఆఫర్ ఒప్పుకునే ముందు అడుగు.

బి షిఫ్ట్ బాలానగర్:
అందరికీ చాలా థ్యాంక్స్. ఆఫర్ లెటర్ తీసి చూసిన. నోటీసు టైంలో మెడికల్ లీవ్ గురించి ఏం రాయలేదు, సొంత పనుల మీద లీవ్ ఇవ్వరని మాత్రమే ఉంది. ముందే రిలీవ్ చేస్తే మిగిలిన రోజుల జీతం ఇస్తామని ఉంది కానీ అప్పుడు గ్రాట్యుటీ సంగతి ఏం లేదు. కొత్త కంపెనీ వాళ్లకు ఫోన్ చేసి ఆపరేషన్ సంగతి చెప్పిన, జూన్ 22 వరకు ఆగుతామన్నారు, ఆగస్టు అయితే కుదరదన్నారు. కాబట్టి ఏప్రిల్ 16 లెక్కకే పోతున్నా, మధ్యలోనే వదిలేస్తారేమో అని భయం ఉంది కానీ తప్పదు. అమ్మ కూడా మా పాలసీలోనే ఉంది, ఆమెకు మోకాళ్ల డాక్టర్ అపాయింట్‌మెంట్ మే నెలకు మార్పించిన.

కొత్తూరు హెచ్‌ఆర్:
మంచిది. మెయిల్‌లో "రిజైన్ చేస్తున్నాను" అని మాత్రమే రాయకండి. నోటీసు 60 రోజులు పూర్తి చేస్తానని, లాస్ట్ వర్కింగ్ డే 2026 జూన్ 15 అని తేదీతో సహా రాయండి. మే రెండో వారంలో ఫిట్‌నెస్ సర్టిఫికెట్‌తో డ్యూటీలో చేరతానని అందులోనే చెప్పండి. అప్పుడు ఇంట్లో కూర్చునేవాడిలా కాకుండా తిరిగి వచ్చి పని అప్పగించే మనిషిలా కనిపిస్తారు, ముందే రిలీవ్ చేసే ఆలోచన కొంత తగ్గుతుంది. కారణం ఒక్క వాక్యం చాలు, డ్రమ్ముల వల్లే హెర్నియా వచ్చిందని అందులో రాయొద్దు, ఆ గొడవ పెట్టుకోవాలనుకుంటే అది వేరే దారి. కంపెనీ మెయిల్ నుంచి పంపి మీ సొంత జీమెయిల్‌ను కూడా సీసీలో పెట్టుకోండి, లాస్ట్ డే అయ్యాక కంపెనీ మెయిల్ తెరుచుకోదు.

కొత్త లేబర్ కోడ్‌లు 2025 నవంబర్ 21 నుంచి వచ్చాయి. రిజైన్ చేసినవాళ్లకు కూడా రావాల్సిన వేతనం రెండు పని రోజుల్లో ఇవ్వాలని అందులో ఉంది, గ్రాట్యుటీకి 30 రోజులు. మా వాళ్లలో చాలామంది ఇంకా 45 రోజులు అనే పాత పాటే పాడుతున్నారు, మీరు అడగండి. పీఎఫ్ తీయకండి, కొత్త కంపెనీకి ట్రాన్స్‌ఫర్ పెట్టుకోండి.

మిర్యాలగూడ లెక్కలు:
ఇంకొక్కటి తమ్మీ. క్లెయిమ్‌కు ఒరిజినల్ బిల్లులు, డిశ్చార్జ్ సమ్మరీ ఇచ్చేముందు రెండు సెట్లు జిరాక్స్ తీయించు. ఒక సెట్ కొత్త కంపెనీ మెడికల్‌కు అడుగుతరు.