శివారు ఊళ్ళలో లాటినోలు పెరిగారు సరే, కౌన్సిల్ ఎన్నిక వార్డులవారీగా ఉండాలా, ఊరంతా కలిపా?

ట్రినిటీగట్టు:
టెక్సాస్‌లో డాలస్ పక్కనున్న ఇర్వింగ్ జనాభా 2010లో 2,16,290. అందులో లాటినోలు 41 శాతం. దగ్గర్లోని ఫార్మర్స్ బ్రాంచ్‌లో 45. 2020 నాటికి ఇర్వింగ్ 2,56,684కి చేరింది. ఆసియావాళ్ళు ఐదో వంతు దాటారు, అందులో మనవాళ్ళు తక్కువేం లేరు. రెండు ఊళ్ళలోనూ ఒకప్పుడు ప్రతి కౌన్సిల్ సీటుకీ ఊరంతా ఓటేసేది. ఆ పద్ధతి, మైనారిటీల ఓటు బలాన్ని తగ్గించకూడదనే 1965 నాటి ఓటు హక్కుల చట్టం సెక్షన్ 2కి విరుద్ధమని ఫెడరల్ కోర్టు ఇర్వింగ్ విషయంలో 2009లో, ఫార్మర్స్ బ్రాంచ్ విషయంలో 2012లో తేల్చింది. ఇర్వింగ్‌కి 6 వార్డులు, ఊరుమ్మడిగా 2 సీట్లు, మేయరు అనే ఏర్పాటు అలా వచ్చింది.

నా వాదన ఇది. 40 శాతం పైన ఉన్నవాళ్ళు ఓటేయడానికి వస్తే ఏ పద్ధతిలోనైనా గెలుస్తారు. రాకపోతే గీతలు గీసి గెలిపించడం దేనికి? దక్షిణాన వాళ్ళు, ఉత్తరాన వ్యాలీ రాంచ్ వైపు మనం అని ఊరు రెండవుతుంది, అంతే. కాదంటే లెక్కలు చూపించండి.

పోలింగ్‌బూత్:
గట్టు గారూ, ఊరుమ్మడి ఎన్నిక ఇక్కడ ఎలా నడుస్తుందో చూస్తే ఆ మాట అనరు. టెక్సాస్‌లో చాలా ఊళ్ళలో సీట్లకి నంబర్లుంటాయి. ప్లేస్ 1, ప్లేస్ 2 అని దేనికి నిలబడుతున్నారో ముందే చెప్పాలి. ఎవరికీ సగానికి మించి రాకపోతే మొదటి ఇద్దరికీ మళ్ళీ పోటీ పెడతారు. ఓటర్లలో 60 శాతం ఒకవైపు, 40 శాతం ఇంకోవైపు నిలిచారనుకోండి. ఆరు సీట్లలో రెండోవైపుకి దక్కేది రెండు కాదు, సున్నా. నంబర్లు లేకపోతే మిగతా ఓట్లు వదులుకుని అందరూ ఒక్కడికే వేసి గట్టెక్కించుకునే వీలుండేది. నంబర్లూ రెండో విడతా కలిసి ఆ దారిని మూసేస్తాయి. మన మున్సిపాలిటీల్లో మూడో వార్డు కౌన్సిలర్ని ఊరంతా ఎన్నుకోవాలంటే ఎవరైనా ఊరుకుంటారా?

గీతలలెక్క:
ఇద్దరూ జనాభా శాతం పట్టుకుని మాట్లాడుతున్నారు. కోర్టు చూసేది అది కాదు. సెక్షన్ 2 కేసులకి 1986 నాటి సుప్రీంకోర్టు గింగిల్స్ తీర్పు మూడు పరీక్షలు పెట్టింది. ఆ వర్గం ఒకేచోట, ఒక వార్డులో సగానికి మించేంతగా ఉండాలి. ఒక్కతాటి మీద ఓటేయాలి. మిగతా మెజారిటీ గుంపుగా ఓటేసి వాళ్ళ అభ్యర్థిని మామూలుగా ఓడిస్తూ ఉండాలి. మొదటి పరీక్షలోని ‘సగం’ మొత్తం జనాభాలో సగం కాదు. టెక్సాస్ మీద అధికారమున్న ఫెడరల్ అప్పీలు కోర్టు, ఫిఫ్త్ సర్క్యూట్, లెక్కలో అది 18 ఏళ్ళు నిండిన అమెరికా పౌరులలో సగం. చాలా కేసులు వీగిపోయేది ఇక్కడే.

ఊహా లెక్క ఒకటి వేద్దాం. వార్డులో 43,000 మంది. లాటినోలు 60 శాతం, అంటే 25,800. వాళ్ళలో పిల్లలెక్కువ, 65 శాతం పెద్దవాళ్ళనుకుంటే 16,770. పెద్దవాళ్ళలో పౌరులు 55 శాతమైతే 9,224. మిగతా 17,200 మందిలో పెద్దవాళ్ళు 80 శాతం, వాళ్ళలో పౌరులు 75 శాతం: 10,320. లాటినో వాటా 47 శాతం, కేసు పోయింది. అదే లెక్కలో 70 శాతంతో మొదలుపెడితే 58 వస్తుంది. అందుకే ‘వార్డులో అరవై శాతం వాళ్ళేగా’ అన్న మాటకి కోర్టులో విలువ లేదు.

ఇర్వింగ్ స్కూల్ డిస్ట్రిక్ట్ మీద వేసిన మొదటి దావా 2010లో ఈ పరీక్ష దగ్గరే ఆగిపోయింది. రెండోది 2014లో నెగ్గింది.

ట్రినిటీగట్టు:
అంటే అసలు సమస్య పౌరసత్వం, ఎన్నిక పద్ధతి కాదని మీరే ఒప్పుకున్నట్టు. ఇంకో మాట. వార్డులన్నిటికీ జనాభా సమానంగా పంచితే, పౌరులు తక్కువున్న వార్డులో కొద్దిమంది ఓటర్లకే ఒక కౌన్సిలర్ దక్కుతాడు. అది న్యాయమా?

చట్టంచుట్టం:
ఆ ప్రశ్న ఇర్వింగ్‌లోనే పుట్టి కోర్టుకెక్కింది. లాటినో వార్డులో ఓటేయగల పౌరులు వేరే వార్డులో ఉన్నవాళ్ళలో సగమేనని లెపాక్ అనే ఆయన, మరికొందరు కేసు వేశారు. 2011లో ఫిఫ్త్ సర్క్యూట్ కొట్టేసింది, సుప్రీంకోర్టు విచారణకి తీసుకోలేదు. 2016లో ఎవెన్‌వెల్ కేసులో సుప్రీంకోర్టు టెక్సాస్ గురించే చెప్పింది: మొత్తం జనాభాని బట్టి సమానంగా పంచుకోవచ్చని.

గట్టు గారు ఒకటి గమనించాలి. లెపాక్ వాదన నెగ్గి ఉంటే దెబ్బ తగిలేది దక్షిణానికి మాత్రమే కాదు. హెచ్‌1బీ మీదున్నవాళ్ళు, గ్రీన్‌కార్డు క్యూలో ఉన్నవాళ్ళు, ఎఫ్‌1 విద్యార్థులు, అందరూ సెన్సస్‌లో లెక్కకొస్తారు, ఓటేయలేరు. వాళ్ళని తీసేస్తే వ్యాలీ రాంచ్, లాస్ కొలినాస్ ఉన్న వార్డులు కూడా పెద్దవి చేయాల్సిందే. రోడ్ల గుంతలు, నీటి బిల్లు పౌరసత్వం చూసి రావు కదా.

లాటినోలు, ఆసియావాళ్ళు కలిసి ఒక వార్డు అడుగుదాం అనే ఆలోచన కొందరిలో ఉంది. టెక్సాస్‌లో ఇక అది సెక్షన్ 2 కింద నిలవదు. గాల్వెస్టన్ కౌంటీ మీద పెట్‌వే కేసులో 2024 ఆగస్టులో ఫిఫ్త్ సర్క్యూట్ పూర్తి ధర్మాసనం వర్గాల్ని కూడి లెక్క వేయకూడదంది. పైగా లూసియానా వర్సెస్ కాలే కేసులో సెక్షన్ 2 మీద సుప్రీంకోర్టు 2025 అక్టోబర్‌లో రెండోసారి వాదనలు వింది. కాబట్టి కోర్టునే నమ్ముకుని ప్లాన్ వేయకండి.

పోలింగ్‌బూత్:
‘ఊరు రెండవుతుంది’ అన్నదానికి జవాబు మిగిలింది. ఫార్మర్స్ బ్రాంచ్‌లో వార్డుల్లేని రోజుల్లోనే ఊరు రెండైంది. చట్టబద్ధమైన కాగితాలు లేనివాళ్ళకి అపార్టుమెంట్లు అద్దెకివ్వకూడదని కౌన్సిల్ 2006లో నిబంధన పెట్టింది. 2007 మేలో ఊరి ఓటర్లు మూడింట రెండు వంతుల మెజారిటీతో ఆమోదించారు. దాని బదులు 2008లో తెచ్చిన నిబంధనని 2013లో ఫిఫ్త్ సర్క్యూట్ కొట్టేసింది, 2014లో సుప్రీంకోర్టు కూడా తలుపు మూసింది. ఆ ఏళ్ళన్నీ లాయర్ల ఖర్చు ఊరి ఖజానా మీదే పడింది. వార్డులు వచ్చాక 2013 మేలో ఆనా రేయిస్ గెలిచారు. లాటినో జనాభా సగానికి దగ్గరపడిన ఊరికి ఆవిడే మొదటి లాటినో కౌన్సిలర్.

దక్షిణగుమ్మం:
లెక్కలు తీసేవాళ్ళకి రెండు జాగ్రత్తలు. పౌరుల లెక్క సెన్సస్ బ్యూరో విడిగా ఇచ్చే ఐదేళ్ళ సర్వే పట్టికలో దొరుకుతుంది. బ్లాక్ గ్రూపుల్లో, అంటే సెన్సస్ వాళ్ళు విడగొట్టే చిన్న ప్రాంతాల్లో, పొరపాటు పరిధి భారీగా ఉంటుంది, ఆ కాలమ్‌ని దాటేసి శాతాలు ఎత్తి రాయకండి. ఐదేళ్ళ పట్టికలు పోల్చేటప్పుడు ఏళ్ళు ఒకదానిమీద ఒకటి పడకూడదు: 2015–19ని 2020–24తో పోల్చాలి, 2016–20తో కాదు. 2020 సెన్సస్‌లో దేశం మొత్తం మీద లాటినోలు 4.99 శాతం తక్కువగా, ఆసియావాళ్ళు 2.62 శాతం ఎక్కువగా లెక్కకొచ్చారని బ్యూరో సర్వేలోనే తేలింది. దక్షిణ ఇర్వింగ్ అంకెల్ని అది గుర్తుంచుకుని చదవాలి.

ఓటర్ల జాబితాని స్పానిష్ ఇంటిపేర్లతో జల్లెడ పట్టేవాళ్ళూ ఉన్నారు. అందులో ఫిలిప్పీన్స్ వాళ్ళు వచ్చి పడతారు, పెళ్ళయ్యాక ఇంటిపేరు మార్చుకున్న లాటినో ఆడవాళ్ళు జారిపోతారు.

అన్నట్టు, ఊరి హద్దు వేరు, స్కూల్ డిస్ట్రిక్ట్ హద్దు వేరు. వ్యాలీ రాంచ్ ఇర్వింగ్‌లోదే అయినా దాని స్కూళ్ళు చాలావరకు కోపెల్ డిస్ట్రిక్ట్‌వి. ‘మా ఏరియా మారింది’ అనేటప్పుడు ఏ గీత లోపలి సంగతో చెప్పండి.

ట్రినిటీగట్టు:
అద్దె నిబంధన సంగతికి ఎదురు చెప్పను. కానీ వార్డు పద్ధతికి ఒక లోపముంది. అద్దెలు పెరిగి జనం చెదిరిపోతే ఆ వార్డుకి అర్థం పోతుంది. గీతలేమో పదేళ్ళకోసారే కదులుతాయి. గీతలతో పనిలేని పద్ధతి ఉంది. టెక్సాస్‌లోనే అమరిల్లో అనే ఊరి స్కూల్ డిస్ట్రిక్ట్ దానికి 1999లో ఒప్పుకుంది. మూడు సీట్లుంటే మూడు ఓట్లు, మూడూ ఒక్కరికే వేసుకోవచ్చు. పోలైన ఓట్లలో పాతిక శాతం దాటి చేతిలో ఉన్న వర్గం ఒక సీటు తప్పక గెలుస్తుంది.

చట్టంచుట్టం:
స్కూల్ డిస్ట్రిక్ట్‌కి కుదిరింది ఊరికి కుదరదు. పదవీకాలం రెండేళ్ళు దాటిన హోమ్‌రూల్ ఊళ్ళలో, అంటే సొంత చార్టర్ (ఊరి పాలన నియమావళి) రాసుకున్న ఊళ్ళలో, కౌన్సిలర్ మెజారిటీతోనే గెలవాలని టెక్సాస్ రాజ్యాంగం 11వ అధికరణం చెబుతోంది. ఇర్వింగ్‌లో పదవీకాలం మూడేళ్ళు. ముందు చార్టర్‌లో దాన్ని తగ్గించాలి. ఐదు శాతం ఓటర్లు సంతకాలు పెడితే చార్టర్ సవరణ ఓటింగుకి వస్తుంది. రెండేళ్ళలో ఒక్కసారే ఆ అవకాశం.

గీతలలెక్క:
సవరించినా ఆ పద్ధతి ఇద్దరు అభ్యర్థుల దగ్గర తిరగబడుతుంది. 30 శాతం ఉన్న వర్గం ఇద్దర్ని నిలబెట్టి ఓట్లు సగం సగం పంచితే ఒక్కొక్కరికి 15. మూడు సీట్లకి హామీ గీత 25. ఇద్దరూ పోవచ్చు. ఒకరు తగ్గాలని నామినేషన్లకి ముందే ఎవరు చెబుతారు, చెబితే ఎవరు వింటారు? గట్టు గారు దానికి జవాబు చెబితే నేను వార్డుల్ని వదిలేస్తాను.