అప్‌డేట్: ఒక్కరోజు కియాంటి డ్రైవ్ వెళ్లొచ్చాం

ఇటలీలోని ఫ్లోరెన్స్ నుంచి ఒక్కరోజులో వైన్‌కి పేరున్న కియాంటి కొండ ప్రాంతం, మోంటాల్చినో ఊరు రెండూ కారులో చూడొచ్చా అని పోయిన నెల అడిగాను కదా. "కియాంటి ఒక్కటి చాలు, ఎస్ఆర్ 222 రోడ్డు మీదే సియెనా దాకా వెళ్లండి" అన్నవాళ్లందరికీ మనస్ఫూర్తిగా థ్యాంక్స్. అదే చేశాం.

ఫ్లోరెన్స్ పాత ఊళ్లోకి కారుకు పర్మిట్ లేకుండా వెళ్తే కెమెరా చూసి ఫైన్ వేస్తారు, అందుకే కారు ఎయిర్‌పోర్టు దగ్గరే తీసుకున్నాం. ఇంటర్నేషనల్ డ్రైవింగ్ పర్మిట్ ఇక్కడే మన ఆర్టీఏలో చేయించుకుని వెళ్లండి, తప్పకుండా అడుగుతారు.

దారిలో గ్రేవె అనే ఊళ్లో అరగంట ఆగుదామనుకుని రెండు గంటలు ఉండిపోయాం. మూడు మూలల చౌక్, చుట్టూ నీడనిచ్చే వసారాలు, మధ్యలో 1524లో న్యూయార్క్ తీరం చేరిన నావికుడు వెర్రజానో విగ్రహం. పాంజానో దాటాక ఒక మలుపులో కారు పక్కకు ఆపాను. కొండవాలంతా దువ్వెనతో దువ్వినట్టు ద్రాక్ష వరసలు. కింద పడి ఉన్న రాయి ఒకటి తీస్తే చేతిలోనే పలకల్లా విడిపోయింది. ఆ నేల మీద పండిన ద్రాక్షా ఇది అనిపించింది.

వైన్ రుచి చూడటం మా ఆవిడ వంతు. అక్కడ డ్రైవర్‌కి ఆల్కహాల్ లిమిట్ లీటరు రక్తానికి 0.5 గ్రాములే, పైగా అన్నీ మలుపులు, నేను ముట్టుకోలేదు. నల్ల కోడిపుంజు గుర్తున్న కియాంటి క్లాసికో వైన్ సీసా ఒకటి కొనుక్కుని, రాత్రి సియెనాలో కారు పార్క్ చేశాకే తెరిచాం.

ఒక్క జాగ్రత్త: భోజనానికి రెండింటిలోపే కూర్చోండి. అదే దారిలోని కాస్తెల్లీనా ఊళ్లో మేం చేరేసరికి వంటగది మూసేస్తున్నారు, రొట్టె, పెకొరీనో అనే గొర్రెపాల చీజ్‌తో సరిపెట్టుకున్నాం.