ఆర్కిటిక్ మంకీస్ మొదటి ఆల్బమ్: రెండు గిటార్లూ ముద్దయిపోతున్నాయి

ప్రశ్న (ఎంవీపీ కాలనీ, విశాఖ): 2006 జనవరిలో వచ్చిన ఆ షెఫీల్డ్ కుర్రాళ్ల (ఇంగ్లండ్ రాక్ బ్యాండ్ ఆర్కిటిక్ మంకీస్) ఆల్బమ్ పాటలు మా బ్యాండ్‌లో ఇద్దరం గిటార్ మీద వాయిస్తుంటే ఏ నోటూ విడిగా వినిపించట్లేదు. పైగా తీగలు త్వరగా తుప్పు పడుతున్నాయి. ఏం మార్చాలి?

జవాబు 1: యాంప్‌లో గెయిన్ (శబ్దాన్ని గరుకుగా చేసే నాబ్) ఎక్కువైంది గురూ. ఆ రికార్డులో కరుకుదనం సగం పిక్ దెబ్బ వల్లే వస్తుంది. నాబ్‌లు గెయిన్ 4, బేస్ (కింది స్వరాలు) 3, మిడ్ (మధ్య స్వరాలు) 7 దగ్గర మొదలెట్టండి. ఒకరు లావు తీగల మీద పవర్ కార్డులు (రెండు స్వరాలతోనే పట్టే కార్డులు) పడితే, రెండోవారు ఏడో ఫ్రెట్ పైన సన్న తీగలకే ఉండాలి. ఇద్దరూ ఒకే కార్డు ఒకే చోట పట్టారో, బేస్ గిటార్ మునిగిపోతుంది.

జవాబు 2: డ్రమ్మర్‌ని కూడా చూసుకోండి, ఆ ఆల్బమ్‌లో అసలు ఊపంతా వాళ్ల డ్రమ్మర్ మ్యాట్ హెల్డర్స్‌దే. మెట్రోనోమ్ (తాళం కొట్టే పరికరం) నిమిషానికి 80 దెబ్బల్లో పెట్టి, తప్పు లేకుండా వస్తేనే 5 పెంచండి. మణికట్టు బిగిస్తే రెండో పాటకే చెయ్యి పట్టేస్తుంది.

ప్రశ్న: గెయిన్ తగ్గిస్తే సోలో వినపడుతుందా?

జవాబు 1: ఓవర్‌డ్రైవ్ పెడల్‌లో (కాలితో నొక్కే, శబ్దాన్ని గరుకుగా చేసే పెట్టె) డ్రైవ్ (గరుకు) బాగా తగ్గించి, లెవెల్ (శబ్దం) పెంచండి. సోలోకి అది నొక్కితే చాలు.

జవాబు 3: తుప్పుకి కారణం చెమట, ఉప్పుగాలి. వాయించాక తీగల కింద కూడా పొడిగుడ్డతో తుడవండి, కేస్‌లో సిలికా జెల్ పొట్లాలు వెయ్యండి. కోటెడ్ (పూత వేసిన) 10–46 మందం తీగల సెట్ ఖరీదెక్కువే, బీచ్ ఊరికి అదే నయం. ట్రెమెలో బ్రిడ్జ్ (తీగలు ఆనే, కదిలే భాగం) అయితే ఆరు తీగలూ ఒకేసారి విప్పొద్దు, ఒక్కోటీ మార్చండి.