కత్తెర పురుగు: 25 రోజుల మొక్కజొన్న, మందు కొట్టినా ఆగట్లేదు

పైరు25: మొవ్వు నిండా రంపపు పొట్టులాంటి పెంట. ఎమామెక్టిన్ కొట్టి 5 రోజులైంది. మళ్లీ అదే కొట్టాలా? లింగాకర్షక బుట్టలు (ఆడ పురుగు వాసనతో మగ పురుగుల్ని పట్టేవి) ఎకరాకి ఎన్ని? వచ్చే పంటకి విత్తనశుద్ధి దేంతో?

మొవ్వుమనిషి: నీళ్లెన్ని పట్టించారో రాయకుండా మందు మీద పడితే ఎలా అన్నా? ఎమామెక్టిన్ 5 ఎస్‌జి (నీళ్లలో కరిగే 5 శాతం గుళికలు) లీటరు నీళ్లకి 0.4 గ్రాములు, ఎకరాకి 200 లీటర్లు, సాయంత్రం పూట, నాజిల్ మొవ్వులోకే. పెద్ద పురుగు తన పెంటనే మూతగా పెట్టుకుని లోపలుంటుంది. ఆకుల మీద తడిపితే దానికేం తగులుతుంది?

రెక్కలు: ముందు పురుగును చూడండి. తల మీద తిరగేసిన ‘వై’, తోక దగ్గర చతురస్రంగా 4 నల్ల చుక్కలు ఉంటేనే కత్తెర. అమెరికా పురుగు, 2016లో ఆఫ్రికా, 2018లో కర్ణాటక, అదే ఏడు మన దగ్గర.

బుట్టలరాజు: ఎకరాకి 15 బుట్టలు కట్టండి, మందుతో పనే లేదు.

మొవ్వుమనిషి: బుట్టలో పడేది మగ రెక్కల పురుగు. పక్క చేలో జతకట్టిన ఆడది మీ చేలో వందకు పైగా గుడ్లు ముద్దగా పెట్టి పోతుంది. బుట్ట నిఘాకే, 4 చాలు.

బుట్టలరాజు: 15 అన్నది నా సొంత లెక్క కాదు, మూకుమ్మడిగా పట్టడానికి చెప్పేదే. పుస్తకాల పండితులకి చేలో పనేం తెలుస్తుంది!

రెక్కలు: శనగపచ్చ పురుగు ల్యూర్ (బుట్టలో పెట్టే వాసన ఎర) పెట్టి ‘ఒక్కటీ పడలేదు’ అనేవాళ్లే ఎక్కువ. ప్యాకెట్ మీద పేరు చదవండి రాజుగారూ.

బుట్టలరాజు: ల్యూర్ గురించి నాకా చెప్పేది?

తవుడుబెల్లం: బుట్టల గురించి తర్వాత కొట్టుకోండి. పురుగు ముదిరితే విషపు ఎరే దారి. తవుడు 10 కిలోలు, బెల్లం 2 కిలోలు, నీళ్లు 2-3 లీటర్లు కలిపి ఒక రోజు పులియనివ్వాలి. చల్లే అరగంట ముందు థయోడికార్బ్ పురుగుమందు 100 గ్రాములు కలపాలి. ముందే కలిపితే దండగ. గ్లౌజులతో చిన్న ఉండలు చేసి మొవ్వులో వేయాలి, నేల మీద కాదు. నీళ్లు ఎక్కువైతే ఉండ కట్టదు.

పాడిగేదె: ఎర వేసిన చేలో పచ్చిమేత కోయొచ్చా?

తవుడుబెల్లం: అస్సలు వద్దు. గేదెలకీ విషమే. కోళ్లనీ రానివ్వకండి.

పైరు25: విత్తనశుద్ధి అడిగాను, ఎవరూ చెప్పలేదు.

రెక్కలు: సయాంట్రానిలిప్రోల్, థయామెథాక్సామ్ కలిసొచ్చే మందు, కిలో విత్తనానికి 4 మి.లీ. మొలిచాక 2-3 వారాలే పురుగు నుంచి కాపుదల. ఆ తర్వాత మళ్లీ మొవ్వులు విప్పి చూడాల్సిందే.