హెచ్.ఐ.వి.కి ఏ.ఆర్.టి. మాత్ర మొదలయ్యాక క్రియాటినిన్ పెరిగింది, తమ్ముడు మానేస్తానంటున్నాడు

ప్రశ్న: ఉప్పల్ నుంచి ఒక అక్క

మా తమ్ముడికి 32 ఏళ్లు. అతనికి హెచ్.ఐ.వి. ఉంది. రెండు నెలల క్రితం గాంధీ ఆసుపత్రి ఏ.ఆర్.టి. (హెచ్.ఐ.వి.ని అదుపులో ఉంచే మందుల చికిత్స) కేంద్రంలో టెనోఫోవిర్, లామివుడిన్, డోలుటెగ్రావిర్ కలిసిన మాత్ర మొదలుపెట్టారు. రాత్రి భోజనం తరువాత వేసుకుంటున్నాడు, కానీ మొదటి వారం నుంచీ నిద్ర పట్టడం లేదు. నిన్నటి రక్తపరీక్షలో క్రియాటినిన్ (కిడ్నీల పనితీరును తెలిపే అంకె) 0.9 నుంచి 1.05కు పెరిగిందని తెలిసినప్పటి నుంచి, ఈ మందు కిడ్నీలను పాడుచేస్తుందని ఎవరో అన్న మాట పట్టుకుని మానేస్తానంటున్నాడు. కడుపులో మంటకు వీధి చివరి దుకాణంలో గ్యాస్ మందు కొని తాగుతున్నాడు, నడుము నొప్పికి డైక్లోఫెనాక్ వేసుకుంటున్నాడు. సంగతి ఇంట్లో నాకు తప్ప ఎవరికీ తెలియదు. ఏం చేయాలో దయచేసి చెప్పండి.

జవాబు 1: ఫార్మసిస్టు, మలక్‌పేట

అమ్మా, మూత్రపిండాలు క్రియాటినిన్‌ను బయటికి పంపే దారుల్లో ఒకదాన్ని డోలుటెగ్రావిర్ కొంత అడ్డుకుంటుంది కాబట్టి, మొదటి కొద్ది వారాల్లో ఆ అంకె స్వల్పంగా పెరిగి, తరువాత అక్కడే నిలబడటం మామూలే. మీరు చెప్పినంత పెరుగుదలను మాత్రమే చూసి కిడ్నీ దెబ్బతిన్నదని అనలేము. అయితే టెనోఫోవిర్ కొందరిలో నిజంగానే కిడ్నీకి హాని చేస్తుంది, కనుక మూత్రపరీక్ష కూడా చేయించి రెండు నివేదికలూ డాక్టరుకు చూపించండి.

నాకు ఎక్కువ ఆందోళన కలిగించినవి దుకాణంలో కొన్న ఆ రెండు మందులు. డైక్లోఫెనాక్ వంటి నొప్పి మాత్రలు టెనోఫోవిర్‌తో కలిస్తే కిడ్నీ మీద భారం పెరుగుతుంది. ఇక గ్యాస్ మందులోని అల్యూమినియం, మెగ్నీషియం డోలుటెగ్రావిర్‌ను పేగులోనే పట్టి ఉంచి, రక్తంలోకి సరిగా చేరనివ్వవు. గ్యాస్ మందు తాగక తప్పకపోతే, ఏ.ఆర్.టి. మాత్ర దానికి రెండు గంటల ముందు గానీ ఆరు గంటల తరువాత గానీ వేసుకోవాలి. భవిష్యత్తులో క్షయకు రిఫాంపిసిన్, మధుమేహానికి మెట్‌ఫార్మిన్ ఎవరైనా రాస్తే, ఈ మాత్ర సంగతి వారికి తప్పక చెప్పాలి, ఎందుకంటే అప్పుడు మోతాదులు మారుతాయి.

జవాబు 2: 2009 నుంచి మందులు వాడుతున్న వ్యక్తి

నాకు మొదట ఇచ్చిన జిడోవుడిన్ వల్ల రక్తం బాగా తగ్గిపోయి, మెట్లు ఎక్కలేని స్థితికి వచ్చాను. తరువాత ఎఫావిరెంజ్ ఇచ్చినప్పుడు రాత్రంతా భయంకరమైన కలలు వచ్చేవి. రెండుసార్లూ చెప్పగానే డాక్టర్లు మందు మార్చారు. మధ్యలో ఒకసారి ఎవరికీ చెప్పకుండా నెల రోజులు మానేశాను, అది నా జీవితంలో చేసిన పెద్ద తప్పు. మానితే వైరస్ మళ్లీ పెరుగుతుంది, మందులకు లొంగని రకం తయారయ్యే ప్రమాదం ఉంటుంది. హెపటైటిస్ బి కూడా ఉన్నవారు టెనోఫోవిర్, లామివుడిన్ హఠాత్తుగా ఆపితే కాలేయం తీవ్రంగా దెబ్బతినవచ్చు. మీ తమ్ముడికి ఆ పరీక్ష జరిగిందో లేదో అడగండి. నిద్ర కోసం మాత్రను ఉదయానికి మార్చుకోవచ్చేమో కూడా కనుక్కోండి, నాకు అలాగే కుదిరింది.

ఇంట్లో, దుకాణాల్లో ఈ జబ్బు సంగతి దాచవలసి రావడం ఎంత కష్టమో నాకు తెలుసు. కానీ 2017 నాటి హెచ్.ఐ.వి. చట్టం ప్రకారం చికిత్స చేసేవారు ఈ సంగతిని అతని అనుమతి లేకుండా సాధారణంగా ఇతరులకు చెప్పకూడదు, కాబట్టి డాక్టరు దగ్గర దాచవలసిన పని లేదు. ఎవరితోనూ ముఖాముఖి మాట్లాడలేకపోతే హెచ్.ఐ.వి. సహాయవాణి 1097కు ఉచితంగా ఫోన్ చేయమనండి.

అక్క

ఇద్దరికీ కృతజ్ఞతలు. మీ మాటలు చదివి వినిపించాను. గ్యాస్ మందు, నొప్పి మాత్రలు పక్కన పెట్టి ఈ రాత్రి తన మాత్ర మాత్రం వేసుకున్నాడు. రేపు నివేదికలు తీసుకుని ఇద్దరం కలిసి గాంధీకి వెళ్తున్నాము.