మద్దెల ఓడిందా, మద్దెలవాడా, ఓటి మద్దెలా?

ప్రశ్న (చెన్నై అన్నానగర్ నుంచి):

అందరికీ నమస్కారం. మా అమ్మాయి ఏడో తరగతి. బడిలో తెలుగు లేదు కాబట్టి ఇంట్లో నేనే నేర్పుతున్నాను. నిన్న సామెతలు రాయిస్తుంటే "ఆడలేక మద్దెల ఓడు" దగ్గర పెన్ను ఆపేసింది. "ఆడలేకపోయింది ఆమె కదమ్మా, మద్దెల ఎందుకు ఓడిపోయింది?" అని అడిగింది. తన చేతకానితనాన్ని ఇంకొకదాని మీదికి నెట్టడం అనే భావం నాకు తెలుసు. మాటకు మాటగా అర్థం మాత్రం చెప్పలేకపోయాను. ఎవరైనా విడమరిచి చెప్పగలరా?

జవాబు (తాంబరం నుంచి):

అక్కా, అది ఓడిపోవడం కాదు. మద్దెలోడు అంటే మద్దెల వాయించేవాడు. ఆమెకు ఆడటం రాక, తప్పంతా వాయించేవాడిదని అతని మీద వేసింది. మా ఇంట్లో ఎప్పుడూ అలాగే అర్థం చేసుకున్నాం.

జవాబు (మైలాపూరు నుంచి):

తాంబరం తమ్ముడు చెప్పిన అర్థంలో కథ చక్కగా కుదురుతుంది. కానీ ఈ సామెతలో వాయించేవాడు లేడు. మద్దెల, ఓడు అన్న రెండు మాటలను కలిపి పలికితే సంధి జరిగి "మద్దెలోడు" అని వినిపిస్తుంది, అంతే. పూర్తి రూపం చూడండి: "ఆడలేనమ్మ మద్దెల ఓడు అన్నట్టు". ఆమె అన్న మాట "మద్దెల ఓడు". "కుండ కొత్తది" అన్నట్టే ఇదీ క్రియ అక్కరలేని నిండు వాక్యం. ఓడు అంటే పగిలినది, బీటవారినది. ఉత్త "మద్దెలవాడు" అంటే వాక్యం పూర్తి కాదు, నింద కూడా పడదు.

ఈ ఓడు అనే మాటను ఇప్పుడు విడిగా ఎవరూ వాడటం లేదు కాబట్టి కొత్తగా ఉంటుంది. దాని ఇంకో రూపం మాత్రం అందరి నోటా ఉంది. "ఓటి కుండకు మోత ఎక్కువ" అంటాం కదా, ఆ ఓటి ఇదే. నోరు నోటి అయినట్టు, కూడు కూటి అయినట్టు, ఓడు ఓటి అయింది. చిన్నయసూరి 1858 నాటి బాలవ్యాకరణంలో ఔపవిభక్తికాలు అని చెప్పినవి ఈ మార్పులే.

నాకు ఈ మాట బతికి ఉండగా దొరికింది మాడవీధిలో. సంక్రాంతికి ముందు మైలాపూరులో వీధి పొడుగునా కుండలు పరిచి అమ్ముతారు. అమ్మ ఒక్కో కుండను ఎడమ అరచేతిలో నిలబెట్టి, కుడిచేతి వేలి కణుపుతో మూడు చోట్ల కొట్టి చూసేది. అంచు మీద, కడుపు మీద, అడుగున. ఖంగుమంటే పక్కన పెట్టేది. ఒకసారి ఎర్రగా, నున్నగా, ఎక్కడా గీత లేని కుండ ఒకటి చచ్చుగా టప్పుమంది. "ఇది ఓటిది, వద్దు" అంది అమ్మ, అలవాటు కొద్దీ తెలుగులోనే. కుండలమ్మే ఆవిడ దాన్ని ఎండకు ఎత్తి లోపలికి చూసి, "ఆమా, ఓట్టై" అంటూ వెనక్కి పెట్టేసింది. తమిళంలో ఆమా అంటే అవును, ఓట్టై అంటే చిల్లి, బీట. మన ఓటికి తోబుట్టువు. ఆ రోజు ఆ ఇద్దరి మధ్య ఎవరూ అనువాదం చేయవలసిన పని పడలేదు.

మద్దెల కూడా అలాంటి డొల్ల వస్తువే. సంస్కృతంలో మర్దలం, మనకు మద్దెల, తమిళంలో మత్తళం, కన్నడంలో మద్దళె. దాని దగ్గరి చుట్టం మృదంగాన్ని తీసుకుంటే, సాధారణంగా పనసకట్టెను తొలిచి, రెండు వైపులా తోళ్ళు వేసి వార్లతో బిగిస్తారు. కుడివైపు నల్లటి ముద్ద ఎండిపోయి అలాగే ఉంటుంది. ఎడమవైపు వాయించే ముందు తడి రవ్వముద్ద అంటిస్తారు. తోలు సడలితే మళ్ళీ బిగించవచ్చు, ముద్ద రాలితే మళ్ళీ పెట్టవచ్చు. కట్టెకే బీట పడితే నాదం చెడుతుంది. అమ్మ చేతిలోని కుండలాగే దీని బీట కూడా దూరం నుంచి చూసేవారికి కనబడదు. అందుకే ఆ ఆడలేనమ్మ ఎంచుకున్న సాకు గట్టిది. ముందు వరుసలో కూర్చున్నవారు లేచి వచ్చి మద్దెల మీద వేలితో కొట్టి చూడరు కదా!

ఇక పాప అడిగిన ప్రశ్న. తన తర్కంలో తప్పేమీ లేదు. ఈ సామెతలో పాత అర్థం మిగిలిన మాట ఇంకొకటి కూడా ఉంది, అది "ఆడు". ఇక్కడ ఆడటం అంటే నాట్యం చేయడం. ఆటకత్తె అంటే నర్తకి. ఆటవెలది అన్నా నర్తకే; వేమన పద్యాల వల్ల మనకు ఆ పేరు ఛందస్సుగానే గుర్తుండిపోయింది. కోలాటంలో, తోలుబొమ్మలాటలో ఆ పాత ఆట ఇంకా ఉంది. తమిళులు నాట్యాన్ని ఆట్టం అంటారు, క్రీడకు విళైయాట్టు అనే వేరే మాట కూడా ఉంచుకున్నారు. మన దగ్గర ఆట అనగానే పిల్లలకు క్రికెట్టు తోస్తుంది. ఆట క్రీడ అయిపోయిన చోట, పక్కనున్న ఓడు ఓటమి కాకుండా ఎలా ఉంటుంది?

నన్ను ఎక్కువగా ఆలోచింపజేసేది ఇంకొకటి. ఇదే నిందను ఇరుగుపొరుగు భాషలు నేల మీద వేశాయి. తమిళంలో "ఆడ తెరియాదవళ్ కూడం కోణల్ ఎన్రాళాం", అంటే ఆడటం రానిది కూడం (ఇంటి హాలు) వంకర అన్నదట. కన్నడంలో "కుణియలారదవళు నెల డొంకు అందళంతె", నేలే వంకర. హిందీలో "నాచ్ న జానే, ఆంగన్ టేఢా", వాకిలి వంకర. మనం మాత్రం మద్దెలను పట్టుకున్నాం. నాకు తోచేది ఇది: వీధి భాగవతం ఆడేవారు ఊరూరా తిరిగేవారు. ఏ ఊరి నేల చదునుగా ఉంటుంది? దాన్ని సాకుగా చెబితే నవ్విపోతారు. పక్కనే ఉండి పాదానికి లెక్క చెప్పేది మద్దెల. వెంపటి చినసత్యం గారు 1963లో ఈ ఊళ్ళోనే కూచిపూడి ఆర్ట్ అకాడమీ పెట్టారు. కూచిపూడి ప్రదర్శన దగ్గరగా కూర్చుని చూసినవారికి తెలుసు, మృదంగం పలికిన జతిని పాదం తిరిగి పలకాలి. తప్పితే ఆ క్షణంలోనే బయటపడుతుంది. అలా బయటపడినప్పుడు చేతికి అందే సాకు మద్దెలే.

జవాబు (వేలూరు నుంచి):

మా అత్తగారు ఎవరైనా కష్టం చెప్పుకుంటే "రోలు వెళ్ళి మద్దెలతో మొరపెట్టుకున్నట్టుంది" అనేవారు. రోలుకు ఒకవైపే దెబ్బలు, మద్దెలకు రెండువైపులా. ఇది తమిళంలోనూ ఉంది, ఉరల్ పోయి మత్తళంతో చెప్పుకున్నట్టు అని. అంటే సామెతల్లో మద్దెల వారికీ తెలిసినదే. అయినా నాట్యం దగ్గరికి వచ్చేసరికి కూడాన్ని తిట్టారు. మీరన్నది ఆలోచించవలసిన మాటే.

జవాబు (తాంబరం నుంచి):

ఒప్పుకున్నాను. ఇకనుంచి "మద్దెల ఓడు" అని విడదీసే రాస్తాను.

ప్రశ్న అడిగిన అన్నానగర్ అక్క:

అందరికీ కృతజ్ఞతలు. పాపకు అంతా చదివి వినిపించాను. విన్న దగ్గర నుంచి వంటింట్లో గిన్నెలు, కూజా, జాడీలు అన్నీ వేలితో కొట్టుకుంటూ తిరిగింది. చివరికి అల్మారా కింది అరలో ఆవకాయ జాడీ దగ్గర ఆగి, "అమ్మా, ఇది ఓటిది" అంది. నేను నమ్మలేదు. ఖాళీ చేసి కడిగి చూస్తే అడుగున వెంట్రుకంత బీట. ఆవకాయ వేరే జాడీలోకి మార్చాం.