వీసీఈలో మామూలు ఇంగ్లీషా, ఇంగ్లీషు లాంగ్వేజా? పదో తరగతి అమ్మాయి తండ్రి ప్రశ్న

టార్నీట్ తండ్రి:
మెల్‌బోర్న్‌లో మా అమ్మాయి పదో తరగతి చదువుతోంది. వచ్చే ఏడాది వీసీఈలో, అంటే ఇక్కడి పదకొండు, పన్నెండు తరగతుల చదువులో, ఏ సబ్జెక్టులు చదువుతుందో ఈ నెలాఖరులోగా బడికి తెలియజేయాలి. గణితం, రసాయనశాస్త్రం విషయంలో ఇంట్లో ఎవరికీ అభ్యంతరం లేదు. పేచీ అంతా ఇంగ్లీషు దగ్గరే వచ్చింది. వీళ్ల బడిలో మామూలు ఇంగ్లీషు, లిటరేచర్, ఇంగ్లీషు లాంగ్వేజ్ అని మూడు ఉన్నాయి, వాటిలో ఒకటి తప్పనిసరి. అమ్మాయి మూడోదే కావాలంటోంది. సిలబస్ తెరిచి చూస్తే అందులో నవలలు, నాటకాలు లేవు. ధ్వనులు, పదనిర్మాణం, వాక్యనిర్మాణం, పసిపిల్లలకు మాటలు వచ్చే క్రమం, ఆస్ట్రేలియాలో ఎవరెవరు ఏ రకంగా మాట్లాడతారన్న విషయాలు ఉన్నాయి. మెకానికల్ ఇంజనీరునైన నాకు ఇది ఇంగ్లీషో, భాషాశాస్త్రమో తేలడం లేదు. అమ్మాయికి వైద్యవిద్య మీద ఆశ ఉంది కనుక, దీనివల్ల ఆ దారి మూసుకుపోతుందేమోనని మా ఆవిడ భయం. పిల్లలను ఇక్కడ చదివించినవారు చెప్పగలరని అడుగుతున్నాను.

లెక్కల చిట్టా:
దారేమీ మూసుకుపోదండీ. విశ్వవిద్యాలయ ప్రవేశాలకు వాడే ఏటార్ ర్యాంకు లెక్కలో ఇంగ్లీషు వర్గానికి చెందిన సబ్జెక్టులన్నిటికీ ఒకే హోదా ఉంది. ఇంగ్లీషులో కనీసం ఇంత స్టడీ స్కోరు (ఒక్కో సబ్జెక్టుకు 50కి ఇచ్చే స్కోరు) ఉండాలని విశ్వవిద్యాలయాలు అడిగినప్పుడు ఇంగ్లీషు లాంగ్వేజ్ కూడా చెల్లుతుంది. అసలు చూడవలసింది స్కేలింగ్, అంటే ఏటార్ కట్టేముందు ఆ స్కోర్లను సర్దడం. కొన్నేళ్లుగా మామూలు ఇంగ్లీషులో వచ్చిన 30 స్కేలింగ్ తర్వాత కొంచెం తగ్గుతోంది, ఇంగ్లీషు లాంగ్వేజ్‌లో వచ్చిన 30 కొంచెం పెరుగుతోంది. మిగతా సబ్జెక్టుల్లో తక్కువ వస్తే ఏటార్‌కు పూర్తిగా లెక్కించే మొదటి నాలుగు సబ్జెక్టుల్లోంచి తప్పించుకోవచ్చు గాని, ఇంగ్లీషు స్కోరు ఎంత వచ్చినా ఆ నాలుగింటిలో కలవాల్సిందే. పైగా దీని పరీక్ష రెండు గంటలే, మామూలు ఇంగ్లీషుకు మూడు గంటలు రాయాలి. ఇందులో ఆలోచించడానికి ఏముందో నాకు అర్థం కాలేదు.

పలక బలపం:
నేను ఇక్కడి ప్రభుత్వ ఉన్నత పాఠశాలలో ఈ రెండు సబ్జెక్టులూ చెబుతాను. లెక్కల చిట్టా గారూ, స్కేలింగ్ ఎవరికీ ఊరికే వచ్చే బహుమతి కాదు. ఒక సబ్జెక్టును ఎంచుకున్న పిల్లలు తమ మిగతా సబ్జెక్టుల్లో ఎలా రాణించారో చూసి, దాన్నిబట్టి విశ్వవిద్యాలయ ప్రవేశాలు చూసే వీటాక్ సంస్థ ఆ సర్దుబాటు చేస్తుంది. ప్రతి సబ్జెక్టులోనూ సగటు స్టడీ స్కోరు 30 దగ్గరే ఉంటుంది కాబట్టి, గట్టి పిల్లలు చేరిన చోట ఆ 30 తెచ్చుకోవడమే కష్టమవుతుంది. కష్టానికి తగ్గట్టు సర్దుతారే తప్ప అదనంగా ఏమీ ఇవ్వరు.

టార్నీట్ తండ్రి గారికి పనికొచ్చేది ఇంగ్లీషు లాంగ్వేజ్ పరీక్ష స్వరూపం. మొత్తం 75 మార్కులు: చిన్న ప్రశ్నలకు 15, ఒక పాఠాన్ని విశ్లేషించడానికి 30, వ్యాసానికి 30. విశ్లేషణకు ఇచ్చే పాఠం ఒక్కోసారి ఇద్దరు స్నేహితుల సంభాషణ కావచ్చు. ఎక్కడ ఆగారు, ఎక్కడ ఒకరి మాట మీద మరొకరి మాట పడింది, ఎక్కడ గొంతు పైకి లేచింది అన్నవి గుర్తులతో సహా అచ్చువేసి ఉంటాయి. వాళ్లు అలా ఎందుకు మాట్లాడారో, దానివల్ల ఏం సాధించారో పంక్తి సంఖ్యలు చూపిస్తూ రాయాలి. వ్యాసంలో ఇటీవలి ఆస్ట్రేలియా భాషలోంచి తాము సొంతంగా ఏరుకున్న ఉదాహరణలు ఉండాలి: ఒక మంత్రి ప్రసంగం, ఒక ప్రకటన, క్రికెట్ వ్యాఖ్యానంలో ఒక మాట. పరిభాష బట్టీ పట్టి నెగ్గవచ్చని వచ్చినవారు మార్చి దాటేసరికి నిరాశపడతారు. మాటలను పట్టి చూసే అలవాటున్న పిల్లలు మాత్రం నన్ను నిలబెట్టి ప్రశ్నలడుగుతారు. మీ అమ్మాయి ఎలాంటిదో మీకు తెలుస్తుంది.

గోదారి గట్టు:
పలక బలపం గారి వివరణ చదివాక నా అనుమానం ఇంకా బలపడింది. ఇది ఇంగ్లీషు నేర్పే సబ్జెక్టు కాదు, ఇంగ్లీషు గురించి చెప్పే సబ్జెక్టు. ఈత నేర్చుకుంటానని చెరువుకు వెళ్లిన పిల్లచేత నీటి లోతు కొలిపించినట్టుంది. మా పెద్దవాడు ఇదే చదివాడు. ఆ ఏడాదంతా ఇంట్లో నేను ఏ ఇంగ్లీషు వాక్యం సరిదిద్దినా, తప్పు అనేది ఉండదు నాన్నా, ప్రామాణికం, ప్రామాణికేతరం మాత్రమే ఉంటాయి అని నాకే పాఠం చెప్పాడు. ఇప్పుడు విశ్వవిద్యాలయంలో అతడు రాసే నివేదికల్లో పేరా ఎక్కడ మొదలై ఎక్కడ ముగుస్తుందో ఆ పేరాకే తెలియదు. నవల చదివి దాని మీద పది పుటలు రాసిన పిల్లకు రాత వస్తుంది. ఇంటర్మీడియట్‌లో మేమంతా కథలూ పద్యాలూ చదివే ఇంగ్లీషు నేర్చుకున్నాం.

లెక్కల చిట్టా:
మీవాడికి స్టడీ స్కోరు ఎంత వచ్చిందో చెప్పలేదు.

హౌన్స్‌లో నుంచి:
ఇంగ్లండులో ఈ గొడవ లేదు. పదహారేళ్లకు రాసే పరీక్షలో ఇంగ్లీషు గట్టెక్కితే ఆ తర్వాత అది తప్పనిసరి కాదు. ‘ఏ లెవెల్’లో, అంటే ఆ తర్వాతి రెండేళ్ల చదువులో, మా అమ్మాయి ఇంగ్లీషు లాంగ్వేజ్ చదివింది. అందులో 20 శాతం మార్కులు పరీక్ష బయట చేసే పనికి ఇస్తారు. మాటలను తామే సేకరించి పరిశోధన చేయడం దానిలో ఒక భాగం. మా అత్తగారూ నేనూ ఫోనులో మాట్లాడుకునే తీరును రికార్డు చేసింది. ఆ ఫలితాల గురించి ఇక్కడ రాయడం క్షేమం కాదు.

రెండో తరం:
నేను మెల్‌బోర్న్‌లోనే పెరిగాను, కొన్నేళ్ల క్రితం ఈ సబ్జెక్టు చదివాను, ఇప్పుడు నర్సుగా పనిచేస్తున్నాను. గోదారి గట్టు అంకుల్ చెప్పిన దానిలో ఒక విషయం పొరపాటు. వ్యాసాన్ని ప్రామాణిక ఇంగ్లీషులోనే రాయాలి, పేరా కట్టు సరిగా లేకపోతే మార్కులు పోతాయి. నాకు ఉపయోగపడిన భాగం వేరే ఉంది. ఒక మనిషితో కఠినమైన విషయం చెప్పవలసి వచ్చినప్పుడు అతని మర్యాదకు భంగం కలగకుండా మాటను ఎలా మలుస్తారో అందులో ఒక అధ్యాయమంతా చదివాం. రోగి బంధువులతో మాట్లాడే ప్రతిసారీ అది పనికొస్తోంది. వైద్యవిద్య అన్నారు కాబట్టి చెబుతున్నాను.

కొత్తగా వచ్చాం:
మధ్యలో అడుగుతున్నందుకు క్షమించండి. మేము హైదరాబాదు నుంచి వచ్చి మూడేళ్లయింది. మా బాబుకు రెండో భాషగా ఇంగ్లీషు, అంటే ఈఏఎల్, ఇస్తారా?

పలక బలపం:
ఆస్ట్రేలియాకు వచ్చి ఏడేళ్లు దాటకపోవడం ఒక్కటే చాలదండీ, ఇంగ్లీషు మాధ్యమంలో చదివిన కాలం కూడా మొత్తం ఏడేళ్లు మించకూడదు. హైదరాబాదులో ఒకటో తరగతి నుంచీ ఇంగ్లీషు మాధ్యమమే అయితే సాధారణంగా రాదు. బడిలో సమన్వయకర్తను అడగండి.

ఇక గోదారి గట్టు గారికి. మామూలు ఇంగ్లీషు అంటే పది పుటల నవలా విమర్శ అనుకుంటున్నారు. ఇప్పుడు అందులో పాఠ్యగ్రంథం మీద ఒక వ్యాసం, సొంతంగా ఒక రచన, ఒక వాదాన్ని విశ్లేషించడం అనే మూడు భాగాలున్నాయి. మంచి సబ్జెక్టే, కాదనను. అయితే ఇంట్లో పుస్తకాల వాతావరణం లేని పిల్లలు నమూనా వ్యాసాలు కొనుక్కుని బట్టీ పట్టడం అక్కడ నేను ఏటా చూస్తాను. మనవాళ్లు పెట్టించే ట్యూషన్లలో జరిగేది ఎక్కువగా అదే.

ఇంకొక మాట. ఏటా ఆగస్టు 29న తెలుగు భాషా దినోత్సవమని ఇక్కడి సంఘాలన్నీ గిడుగు రామమూర్తి గారి పటానికి దండ వేస్తాయి. ఆయన చేసిందేమిటి? సవర గిరిజనులు మాట్లాడే మాటను వాళ్ల నోటివెంట విని రాసుకుని దానికి వ్యాకరణం, నిఘంటువు సిద్ధం చేశారు. గ్రాంథికమే గొప్పదన్న పండితుల రాతల్లోంచే ఆ గ్రాంథిక నియమాలు తప్పిన చోట్లు ఏరి చూపించారు. జనం మాట్లాడేదాన్ని పరిశీలించి తర్కించడమే ఆ పని. అదే పనిని మన పిల్ల బడిలో చేస్తానంటే ఇది ఇంగ్లీషు కాదంటున్నాం.

గోదారి గట్టు:
అమ్మా, గిడుగు వారిని మీరే తెచ్చారు కాబట్టి చెబుతాను. ఆయనకు గ్రాంథికం కొట్టిన పిండి. పండితుల తప్పులు పట్టగలిగారంటే ఆ నియమాలు వాళ్లకంటే బాగా వచ్చు కనుకనే. నియమం వచ్చినవాడు దాన్ని కాదంటే తిరుగుబాటు అంటారు, రానివాడు కాదంటే చదువురానివాడంటారు. పదహారేళ్ల పిల్లకు ముందు నియమం నేర్పండి, ఆ తర్వాత దాన్ని ప్రశ్నించడం నేర్పవచ్చు.

రెండో తరం:
అంకుల్, మీ కోపం సబ్జెక్టు మీదా, మీరు సరిదిద్దితే వినని అబ్బాయి మీదా? ఇక్కడ పుట్టి పెరిగిన పిల్లకు ఇంగ్లీషు నియమాలు కొత్తగా నేర్పవలసిన అవసరం ఏముంది? మీకంటే మాకే ఆ భాష ఎక్కువ వచ్చు.

లెక్కల చిట్టా:
ఇద్దరూ స్కేలింగ్ సంగతి వదిలేశారు.

గోదారి గట్టు:
ఎక్కువ వచ్చునా? సరే, చెబుతాను వినండి. పదిహేనేళ్లుగా ఈ దేశంలో ఉద్యోగం చేస్తున్నాను. నా దగ్గర పని నేర్చుకున్నవాడు నాకు పై అధికారి అయ్యాడు. వార్షిక సమీక్షలో నా గురించి సాంకేతికంగా అద్భుతం, కమ్యూనికేషన్ మెరుగుపడాలి అని రాశారు. ఆ మరుసటి ఏడాదీ అదే రాశారు. సమావేశంలో నేను చెప్పిన మాటనే పక్కవాడు తిరిగి చెబితే అందరూ తలలూపుతారు. అతడి వాక్యంలో వ్యాకరణం ఉండదు, సగం మాటలు మింగేస్తాడు, అయినా అది కలుపుగోలుతనం అనిపించుకుంటుంది. నేను ఒక్క ఆర్టికల్ వదిలేస్తే అది లోపమవుతుంది. అన్ని రకాల ఇంగ్లీషులూ సమానమేనని పాఠం చెప్పేవాళ్లు ఆ గదిలో ఒక్కసారి కూర్చోవాలి. వాళ్ల పిల్లలు నియమం తప్పినా చెల్లుతుంది. మన పిల్లలకు అది చెల్లదు. అందుకని మన పిల్లల చేతిలో ఎవరూ వేలు పెట్టలేని ఇంగ్లీషు ఉండాలంటాను.

నిర్వాహకులు:
వ్యక్తిగత వ్యాఖ్యలు తగ్గించి విషయం మీద ఉండవలసిందిగా మనవి.

పలక బలపం:
నిర్వాహకులు ఏమనుకున్నా, గోదారి గట్టు గారు ఇప్పుడే విషయంలోకి వచ్చారని నా అభిప్రాయం. ఇంతసేపూ మనం నవలా, వ్యాకరణమా అని వాదించుకున్నాం. మీరు అడుగుతున్నది వేరు. ఒకే తప్పు ఒకరి నోట చనువుగానూ, మరొకరి నోట లోపంగానూ వినిపించే చోట పిల్లను ఎలా సిద్ధం చేయాలన్నది మీ ప్రశ్న. అన్ని రకాలూ సమాజంలో సమానంగా చెల్లుతాయని ఈ సబ్జెక్టు ఎక్కడా చెప్పదు. భాషగా చూస్తే ఏదీ తక్కువది కాదంటుంది; అయినా కొన్నింటికే గౌరవం ఎందుకు దక్కుతుందో, ఎవరి చేతిలో అది నిర్ణయమవుతుందో పరిశీలించమంటుంది. పన్నెండో తరగతిలో చదివే నాలుగో యూనిట్ పేరే భాషా వైవిధ్యం, అస్తిత్వం. వలస కుటుంబాల ఇంగ్లీషు, ఆదివాసుల ఇంగ్లీషు, ప్రామాణిక ఆస్ట్రేలియన్ ఇంగ్లీషు పక్కపక్కనే పెట్టి చదువుతారు. మీ సమావేశపు గదిలో జరిగినదానికి అక్కడ పేర్లున్నాయి.

గోదారి గట్టు:
పేర్లు తెలిసినంత మాత్రాన పదోన్నతి రాదు.

పలక బలపం:
నవల చదివినా రాదు. మీరు ఇంటర్మీడియట్‌లో కథలూ పద్యాలూ చదివే వచ్చారు.

రెండో తరం:
అంకుల్, ఇందాక దురుసుగా అన్నానేమో గాని, ఒకటి అడగక తప్పదు. మీ అబ్బాయి యాస మీ యాస కాదు. ఫోనులో వింటే అతడు ఎక్కడివాడో ఎవరూ చెప్పలేరు. మీకు జరిగినది అతడికి అదే రూపంలో జరగదు.

గోదారి గట్టు:
యాస నాది కాదు, ఇంటిపేరు నాదే. ఉద్యోగ దరఖాస్తులో యాస కంటే ముందు కనిపించేది పేరు. దాని కింద ఉన్న రాతలో పొల్లు పోకూడదు.

టార్నీట్ తండ్రి:
అందరికీ కృతజ్ఞతలు. అమ్మాయికి తెలుగు చదవడం నిదానం కనుక ఈ చర్చంతా నేనే చదివి వినిపించాను. గోదారి గట్టు గారిని ఒక ప్రశ్న అడగమంది: కమ్యూనికేషన్ మెరుగుపడాలని సమీక్షలో రాసినవారు, మీరు మాట్లాడినదానిలో గాని రాసినదానిలో గాని ఏ వాక్యాన్ని ఉదాహరణగా చూపించారు?

గోదారి గట్టు:
ఏ వాక్యాన్నీ చూపించలేదు. నేనూ అడగలేదు. అయితే పిల్ల అడిగిన తీరు బాగుంది గాని, దానివల్ల నా మాట మారదు. ఆ సబ్జెక్టు తీసుకుంటే తీసుకోనివ్వండి, ఇంట్లో నెలకొక నవలైనా చదివించి దాని మీద రెండు పుటలు రాయించండి. మావాడి విషయంలో నేను చేయనిది అదే.

టార్నీట్ తండ్రి:
నవలలు తను ఎలాగూ చదువుతుంది, రాయమంటే మాత్రం ఒప్పుకుంటుందని చెప్పలేను. మా ఆవిడ భయం తీరింది, ఏ విశ్వవిద్యాలయం ఎంత స్కోరు అడుగుతోందో తనే విడివిడిగా చూసుకుంది. ఫారంలో ఇంగ్లీషు లాంగ్వేజ్ అనే రాశాం. పదకొండో తరగతిలో కుదరకపోతే పన్నెండులో మామూలు ఇంగ్లీషుకు మారవచ్చని బడివారు చెప్పారు. పన్నెండులో మొదలయ్యే మూడో యూనిట్‌కు, ఇంగ్లీషు లాంగ్వేజ్‌లో గాని మామూలు ఇంగ్లీషులో గాని, ముందు యూనిట్లు చదివి ఉండాలన్న నిబంధన లేదట.

లెక్కల చిట్టా:
మారితే మారండి గాని, ఏడాది చివర స్కేలింగ్ నివేదిక వచ్చేదాకా ఆగి చూసుకుని మారండి. ఇంకొక సంగతి, రెండూ కలిపి కూడా తీసుకోవచ్చు. ఇంగ్లీషు వర్గంలో రెండు సబ్జెక్టులను మొదటి నాలుగింటిలో కలుపుకోనిస్తారు. దాని గురించి ఎవరూ మాట్లాడలేదు.

పలక బలపం:
రసాయనశాస్త్రం, గణితం చదివే పిల్లచేత రెండు ఇంగ్లీషులు చదివించకండి.